లేని ఎముక విరిచిన చేతులు

జూలై 2, బుధవారం

పెన్ను నొక్కి రాస్తున్నాను కాబట్టే అక్షరాలు అవతలి పేజీకి దిగుతున్నాయి. భయం కాదు, కోపం.

పది గంటలప్పుడు మా వీధి ఇరమ్ బిడ్డను ఎత్తుకుని మా స్కానింగ్ సెంటరుకు వచ్చింది. డెబ్బై మూడు రోజుల పిల్లాడు. దగ్గు, కాస్త ఆయాసం. పిల్లల డాక్టరు ఛాతీ ఎక్స్‌రే రాశాడు. సీనియరు టీకి పోయాడు కాబట్టి నేనే తీశాను. నాలుగు నెలల ట్రైనింగులో ఇంత చిన్న బిడ్డను బల్ల మీద పడుకోబెట్టడం ఇదే మొదలు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. కానీ వాటి పైన, రెండు కాలర్ బోన్లకూ మధ్య భాగం లేదు. ఇటో ముక్క, అటో ముక్క, నడుమ నల్లటి ఖాళీ. రెండు పక్కలా అంతే.

"బిడ్డ ఎక్కడన్నా పడ్డాడా?"

"లేదక్కా. ఏందక్కా, ఏమైంది?"

"నీళ్ళు ఎవరు పోస్తున్నారు?"

"వీరరాఘవమ్మ మామ్మ. మన వీధిలో ఇంకెవరు పోస్తారు?"

అంతే, నాకు అంతా కళ్ళ ముందు కనిపించింది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపుతుంది. బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని ఆముదం రాసి, వెల్లకిలా తిప్పి, చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా లాగి అదుముతుంది. మాడు మీద చరుస్తుంది. ముక్కు గిల్లుతుంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చుట్టూ ఆడవాళ్ళు నవ్వుతుంటారు. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. చూసి ఊరుకున్నాను. అదే నా తప్పు.

"రెండు కాలర్ బోన్లూ విరిగాయి ఇరమ్" అని చెప్పేశాను. డాక్టరమ్మ శుక్రవారం వచ్చి రిపోర్టు రాయాలి, నేను చెప్పకూడదు. తెలుసు. కానీ నిజం శుక్రవారం దాకా ఆగాలా?

జూలై 3, గురువారం

ఒక్క ఊపున కరపత్రం రాసేశాను. శీర్షిక: ‘కాళ్ళ మీద కర్కశత్వం’. మూఢనమ్మకాల మీద నా దగ్గరున్న పది రూపాయల పుస్తకాలన్నీ ముందు పరుచుకున్నాను. ప్రశ్నించు, పరిశీలించు, అప్పుడే నమ్ము అని ప్రతిదాని అట్ట మీదా ఉంటుంది. నేను పరిశీలించాను, నా దగ్గర ఎక్స్‌రే ఉంది. ‘మన వీధిలోనే, ఆచారం పేరుతో, రాక్షస హస్తాల కింద డెబ్బై రోజుల పసివాడి ఎముకలు పుటుక్కుమన్నాయి’ అని రాస్తున్నప్పుడు ఒళ్ళు జలదరించింది. రెండు వందల కాపీలు తీయించాను.

మామ్మ పేరు రాయలేదు.

జూలై 4, శుక్రవారం

పొద్దున్నే ఇంటింటికీ పంచాను. తర్వాత డ్యూటీకి వెళ్ళాను.

డాక్టర్ ప్రేమలత మేడం గుంటూరు నుంచి మంగళ, శుక్రవారాలు వస్తారు. ఆ వారం ఫిల్ములన్నీ చదివి రిపోర్టులు రాస్తారు. నాలాంటి ట్రైనీలు పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఆమె ఎప్పుడూ తానై చెప్పరు, అడుగుతారు. ఇవాళ ఇరమ్ బిడ్డ ఫిల్ము లైట్ బాక్సు మీద పెట్టారు.

"ఏం కనిపిస్తోంది?"

"ఫ్రాక్చర్ మేడం. రెండు పక్కలా."

"అది నీ తీర్పు. కంటికి కనిపించేది చెప్పు."

"కాలర్ బోన్ మధ్యలో ఖాళీ."

"ఆ ఖాళీ అంచులు ఎలా ఉన్నాయి?"

దగ్గరికి వెళ్ళి చూశాను. విరిగిన చెరుకుగడలా గరుకుగా లేవు. నున్నగా సన్నబడి, కొవ్వొత్తి కొసలా ఆగిపోయాయి.

"పసిబిడ్డ ఎముక విరిగితే పది రోజుల్లో చుట్టూ తెల్లగా గడ్డకడుతుంది. అతుక్కోవడానికి శరీరం తొందరపడుతుంది. ఇక్కడ ఆ తొందర ఎక్కడుంది?"

లేదు. ఎక్కడా లేదు.

ఆమె రిపోర్టులో ‘ఎముక విరిగిన ఆనవాళ్ళు లేవు, పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు’ అని రాశారు. పాంఫ్లెట్ సంగతి నేను చెప్పలేదు. ఆమె అడగలేదు కదా.

కావచ్చు అంటే కాకపోనూ వచ్చు.

జూలై 5, శనివారం

పేరు రాయలేదు.

జూలై 9, బుధవారం

సాయంత్రం వీరరాఘవమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు. అరుగు మీద కూర్చుని, చీర కొంగులోంచి నా కాగితం తీసి నా చేతికి ఇచ్చింది.

"ఏమే జ్యోతీ, నాకు చదువు రాదుగా. అందరూ చదివారంట. నాకూ చదివి ఇనిపించు."

చదివాను. ‘రాక్షస హస్తాల’ దగ్గర ఆ రెండు మాటలూ దాటేసి ముందుకు వెళ్ళాను.

"ఆగు. మా ఎదురింటి సుందరి చదివినప్పుడు అక్కడ ఇంకేందో ఉండె."

మళ్ళీ వెనక్కు వచ్చి చదివాను. ఆమె తన చేతులు ఒళ్ళో బోర్లించి పెట్టుకుని వింది. పసుపు, ఆముదం పట్టి వేళ్ళ మడతలు నల్లబడి ఉన్నాయి.

"మీ పేరు రాయలేదు మామ్మా."

"మన వీధిలో డెబ్బయ్యేళ్ళ ముసల్ది నీళ్ళు పోస్తదంటే కలెక్టరు అనుకుంటారా? సుందరి కూతురు పురిటికొచ్చింది. మొన్నటిదాకా నేనే పోశా. నిన్న పోతే తలుపు తియ్యలా." నా మొహంలోకి చూసి అంది, "నీకూ నేనే పోశానే. అన్నీ సక్కగా కుదిరినయ్. నోరొక్కటే అదుపులోకి రాలా."

అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండింది.

"ఎక్స్‌రే అబద్ధం చెప్పదు మామ్మా. ఎముక మధ్యలో లేదు."

"అది నేను చెప్తన్నా. ఆ బిడ్డకి అక్కడ ఎముక ఉంటేగా ఇరగడానికి! మొదటి నీళ్ళ నాడే నా ఏలికి తగల్లా. మాడు కూడా నాలుగు వేళ్ళ వెడల్పు తెరుచుకునుంది. నేను ఆ మాడు మీద చెయ్యి కూడా ఎయ్యలా, తెలుసా?"

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు?"

తప్పించుకునే మాట అది. అందరూ అలాగే అంటారు.

జూలై 13, ఆదివారం

ఇరమ్ తండ్రి జావీద్ గారు మాచర్ల నుంచి వచ్చాడు. అక్కడ సిమెంటు కొట్టు. చేతిలో నా పాంఫ్లెట్, మడతలు పడి. "నువ్వేనా రాసింది? బాగా రాశావమ్మా. దీన్ని చూపించే స్టేషన్లో కేసు పెడతా. ముసల్దాన్ని జైల్లో కూర్చోబెడతా" అన్నాడు.

నా రాత మీద ఒకరు కేసు పెట్టేంత బలం ఉందని గర్వపడాలి. ఆయన పోయాక నా కాపీ మడిచి పుస్తకాల అడుగున పెట్టాను.

జూలై 15, మంగళవారం

మేడంకు అంతా చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఫిల్ము ఎవరిది?"

"మనది... పేషెంటుది."

"నీది కాదు కదా. అందులో ఉన్నది వీధిలో ఎందుకు పంచావు?"

ట్రైనింగు నుంచి పంపించేస్తారేమో అనుకున్నాను. కానీ ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "బిడ్డ తండ్రి ఎలా ఉంటాడు?" అని అడిగారు.

"ఎలా అంటే?"

"రేపు చూసిరా. భుజాల నుంచి మొదలుపెట్టి చూడు."

జూలై 16, బుధవారం

ఇది రాయకుండా ఉండలేను.

బిడ్డ తండ్రి ఇస్మాయిల్ అన్న మెకానిక్‌గా చేసే లారీ షెడ్డుకు వెళ్ళాను. గేరుబాక్సుకూ చాసిస్‌కూ నడుమ పిల్లి కూడా దూరని సందు. అందులోకి రెండు చేతులూ, తలా, భుజాలూ దూర్చి బోల్టు తిప్పుతున్నాడు. పక్కనున్న డ్రైవరు, "ఈ పని నరసరావుపేట మొత్తానికి ఈడొక్కడే చేస్తాడమ్మా. గాలి తీసిన ట్యూబులాగా ముడుసుకుంటాడు" అన్నాడు.

బయటికి వచ్చాక అడిగాను. "అన్నా, ఎలా దూరావు?"

నవ్వి, రెండు భుజాలూ ముందుకు తెచ్చాడు. గడ్డం కింద రెండూ తగిలాయి! పుస్తకం మూసినట్టు మూసుకున్నాడు. నవ్వినప్పుడు చూశాను, ఇరవయ్యేడేళ్ళ మనిషికి ముందు రెండూ పాలపళ్ళు, బియ్యపు గింజల్లాగా.

"చిన్నప్పటి నుంచీ ఇంతే చెల్లెమ్మా. నాకిదే కూడు పెడతంది."

మధ్యాహ్నం సెంటరుకు వచ్చి ఫిల్ము తీయించుకున్నాడు. ఇన్నాళ్ళూ చూసిన ఛాతీ ఫిల్ములన్నింటిలో ఆ రెండు ఎముకలూ ద్వారబంధంలా అడ్డంగా ఉండేవి. ఉన్నాయి కాబట్టే ఎప్పుడూ వాటిని చూడలేదు. ఇస్మాయిల్ అన్న ఫిల్ములో అవి లేవు. గుండె దగ్గర బెత్తెడు మొనలు, అంతే. అరగంట చూశాను. ఎవరో తలుపు ఎత్తుకుపోయిన ఇల్లులా ఉంది, అయినా ఇంట్లో కాపురం నడుస్తోంది.

ఫోన్లో చెబితే మేడం, ఇది వంశంలో వచ్చేది అన్నారు. పిండంలోనే ఎముక కట్టే కణాలకు పని పురమాయించే జన్యువు ఒకటి ఉంటుందట. అది సగమే పనిచేస్తే కాలర్ బోన్లు సరిగా ఏర్పడవట, తలపుర్రె అతుకులు, పళ్ళు ఆలస్యమవుతాయట. ప్రాణానికి ప్రమాదం లేదు. మాడు కాచుకోవాలి, పళ్ళు చూపించుకుంటూ ఉండాలి.

అంటే ముసలామె చెప్పింది నిజం.

జూలై 17, గురువారం

ఇస్మాయిల్ అన్న తల్లి అక్తర్ బేగం గల్లీ మలుపులో నన్ను ఆపింది. "బేటీ, వాడి ఫిల్ము సంగతి మా వియ్యంకుడికి చెప్పొద్దు. పెళ్ళప్పుడు మేం చెప్పలా. కోడల్ని తీసుకపోతాడు."

"మరి వీరరాఘవమ్మను స్టేషన్‌కు తీసుకెళితే?"

ఆమె తల దించుకుంది. "ముసల్ది. దాన్నేం చేస్తారు? రెండు రోజులు తిప్పి వదిలేస్తారు."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అరవడానికి నోరు తెరిస్తే, ఆమె చేతిలో నా పాంఫ్లెట్‌లో చుట్టిన అల్లం కనిపించింది.

జూలై 18, శుక్రవారం

ఇస్మాయిల్ అన్నే మామగారికి చెప్పేశాడు. "నాకూ లేవు మామా, ఇదిగో" అని చొక్కా విప్పి చూపించాడట. జావీద్ గారు ఒక్క క్షణం తడబడి, వెంటనే, "నీకు చిన్నప్పుడు నీళ్ళు ఎవరు పోశారు?" అన్నాడట.

"వీరరాఘవమ్మ మామ్మే."

"చూశారా! తండ్రివీ అదే ఇరిచింది, కొడుకువీ అదే ఇరిచింది!"

ఇది విని నవ్వాను. తర్వాత నవ్వు ఆగింది. ఎందుకంటే అది తప్పని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అంచులు నున్నగా ఉన్నాయంటే వింటాడా? బిడ్డదీ తండ్రిదీ రక్తం హైదరాబాద్‌లో జన్యువుల మీద పరిశోధన చేసే ఒక ల్యాబ్‌కు మేడం పంపించారు. అక్కడ ఆమె క్లాస్‌మేట్ ఉన్నారు. ఆ రిపోర్టు వచ్చేదాకా కేసు పెట్టనని జావీద్ గారు మాటిచ్చాడు.

ఆగస్టు 1, శుక్రవారం

రిపోర్టు రాలేదు. ఫోన్లో జన్యువుల మీద దొరికిందల్లా చదువుతున్నాను. కంటిలో కణానికీ కాలి వేలిలో కణానికీ రాత ఒక్కటేనట. మరి కన్ను కన్నెలా అయింది? రాతంతా అందరి దగ్గరా ఉన్నా, ఎవరు ఏ పేజీ చదవాలో ఎవరు చెబుతారు? నా పది రూపాయల పుస్తకాల్లో ఇది లేదు. అన్నం తింటూ నాన్నను అడిగాను. "ముందు పెరుగు ఏసుకో" అన్నాడు.

సెప్టెంబరు 12, శుక్రవారం

వచ్చింది. ఆ జన్యువులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదట. నార్మల్.

ఒక్కసారిగా నాకు ఏమనిపించిందో రాస్తాను, ఇది ఎవరూ చదవరు కాబట్టి. హాయిగా అనిపించింది. అయితే నేను రాసిందే నిజమేమో. అయితే నేను తప్పు చేయలేదేమో.

రెండు నిమిషాలు. గోడ గడియారం చూశాను కాబట్టి తెలుసు.

తర్వాత ఇస్మాయిల్ అన్న భుజాలు గుర్తొచ్చాయి. సాయంత్రానికి జావీద్ గారి ఫోను: "సోమవారం స్టేషన్‌కు పోతన్నా. నువ్వూ రా, సాక్ష్యం."

మేడం మాత్రం చిరాకు పడలేదు. చిత్రంగా, ఆమె కళ్ళు మెరిశాయి. "రాత సరిగ్గా ఉంది, ఎముక లేదు. అయితే ఇంకెక్కడ వెతకాలి? ల్యాబ్ వాళ్ళు జన్యువు బయట చూస్తామంటున్నారు. రెండు నెలలు పడుతుంది."

"సోమవారానికి?"

"సోమవారానికి నువ్వు ఆలోచించు. ఆయన వాదన ఏమిటి? ఆమె చేయి పడింది కాబట్టి ఎముక లేదు. దాన్ని పడగొట్టాలంటే ఎలాంటి మనిషి కావాలి?"

బస్సులో తట్టింది. ఆమె చేయి పడని మనిషి కావాలి.

సెప్టెంబరు 14, ఆదివారం

ఇస్మాయిల్ అన్న వాళ్ళ నాన్న చనిపోయాడు, ఆయనకు అన్న ఒకాయన ఉన్నాడు, రఫీక్. నడికుడిలో రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పొద్దున బండికి వెళ్ళాను. స్టేషన్ వెనక రేకుల ఇల్లు. సంగతి చెప్పీ చెప్పకముందే భుజాలు రెండూ ముందుకు తెచ్చి చప్పట్లలా తగిలించాడు.

"ఇదేనా? పిల్లలకి చూపించి నవ్విస్తా. డ్యూటీలో చేరేటప్పుడు మెడికల్లో ఒక డాక్టరు చూసి ఇంకో నలుగుర్ని పిలిచాడు. అందరూ చూశారు, ఒకరూ ఏందో చెప్పలా."

ట్రంకుపెట్టె అడుగున పసుపు కవరులో రైల్వే ఆసుపత్రి ఫిల్ము ఉంది. చేరాక ఎప్పుడో తీసింది, పాతికేళ్ళ నాటిది. కిటికీ వెలుగులో ఎత్తి పట్టుకున్నాను. లేవు. అవే నున్నటి మొనలు. ముగ్గురి ఫిల్ములూ ఒక్క చేత్తో గీసినట్టున్నాయి.

"పెద్దనాన్నా, మీకు చిన్నప్పుడు నీళ్ళు ఎవరు పోశారు?"

"మా అమ్మ. ఇక్కడే, ఈ దొడ్లోనే. ఎందుకు?"

"మీ వయసు?"

"అరవై ఎనిమిది."

వీరరాఘవమ్మకు అప్పుడు రెండేళ్ళు. ఆమెకే ఎవరో నీళ్ళు పోస్తూ ఉండి ఉంటారు!

తిరుగు బండిలో పిడుగురాళ్ళ దాకా ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎదురు సీటు ఆమె జరిగి కూర్చుంది.

సెప్టెంబరు 15, సోమవారం

స్టేషన్ దాకా పోలేదు. ఇస్మాయిల్ అన్న ఇంట్లోనే మూడు ఫిల్ములూ కిటికీకి అంటించి, రఫీక్ పెద్దనాన్నకు నీళ్ళు పోసింది ఎవరో చెప్పాను. జావీద్ గారు చాలాసేపు చూశాడు. అర్థమైంది. అర్థమయ్యాక కోపం ఇటు తిరిగింది. "అంటే జబ్బు దాచి నా కూతుర్ని చేసుకున్నారు! నడువమ్మా, సామాను సర్దుకో."

అక్తర్ బేగం వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నేను తెచ్చిన నిజం ఒక ముసలామెను వదిలి ఇంకో ఆడమనిషి మీద పడింది.

ఇరమ్ బిడ్డకు పాలిస్తూ, తల కూడా ఎత్తలేదు. "అబ్బాజాన్, పెళ్ళైన మర్నాడే చూశా నేను. మొగుడి భుజాలు పెళ్ళానికి తెలవకుండా ఉంటయ్యా? నాకు లేని బాధ నీకెందుకు? కూర్చో. చాయ్ పెడతా, తాగి పో."

జావీద్ గారు కూర్చున్నాడు. చాయ్ తాగాడు. పోతూ పోతూ బిడ్డ భుజాలు రెండూ మెల్లగా దగ్గరికి తెచ్చి చూశాడు.

సెప్టెంబరు 20, శనివారం

రెండో కాగితం రాశాను. ‘నేను రాసింది తప్పు.’ ఇరమ్‌నూ ఇస్మాయిల్ అన్ననూ అడిగి, బిడ్డ ప్రస్తావన లేకుండా రాశాను. ఈసారి వీరరాఘవమ్మ పేరు రాశాను. రెండు వందల కాపీలు. మొదటిదాన్ని అందరూ చదివారు. దీన్ని మడిచి గూట్లో పెట్టారు. సుందరిని అడిగితే, "ఇరవలేదంటావ్. మంచిదే. అయినా ఎందుకొచ్చిన గొడవ?" అంది.

నీళ్ళు పోయడానికి మామ్మను ఎవరూ పిలవడం లేదు.

నవంబరు 4, మంగళవారం

ల్యాబ్ నుంచి కబురు. మేడం స్పీకర్‌లో పెట్టి నన్ను వినమన్నారు. జన్యువు చెక్కు చెదరలేదు. దానికి చాలా దూరంలో, ఏ ప్రోటీనుకూ పనికిరాని ఖాళీ స్థలం అనుకునే చోట, ఒక ముక్క లేదు. తండ్రికీ లేదు, బిడ్డకూ లేదు. రఫీక్ పెద్దనాన్న రక్తం పంపితే ఆయనకూ లేదు. ఆ జన్యువును ఎక్కడ, ఎంత చదవాలో చెప్పేది ఆ ముక్కే అయి ఉంటుందని వాళ్ళ అనుమానం. తేల్చడానికి ఇంకా పని ఉందట.

ఇది నాన్నకు చెప్పాను, ఈసారి పెరుగు వేసుకున్నాకే. "మన చేలో తూము బాగుంది. కాలవకు గండి పడలేదు. అయినా నీళ్ళు రావడం లేదు. ఎక్కడ చూస్తావు నాన్నా?"

"పైన. కాలవ కాసే లస్కరు షట్టరు ఎత్తి ఉండడు."

"అదే జరిగింది. తల్లి వైపు తూము పారుతోంది. తండ్రి వైపు షట్టరు లేవలేదు. సగం నీళ్ళకు కొన్ని మళ్ళు ఎండాయి."

నాన్న చేయి కడుక్కోబోయి ఆగాడు. "ఆ లస్కరు ఎంత దూరంలో ఉంటాడు?"

రాత్రి దాకా మాట్లాడుకున్నాం.

నవంబరు 9, ఆదివారం

మేడం లెక్కలో సంగతి తేలింది, జావీద్ గారి లెక్కలో తేలింది. వీధి లెక్కలోనే తేలలేదు. పొద్దున్నే వీరరాఘవమ్మ ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి రెండు వాక్యాలు అనుకుని వెళ్ళాను. మొదటిది సగంలో ఉండగానే ఆపింది.

"ఆ మాట నాకెందుకే? నాకు తెలవదా నేను ఇరవలేదని? తెలియనోళ్ళకు చెప్పు."

"కాగితం వేశాను మామ్మా."

"కాయితమే గదా చేసిందంతా. ఇరమ్‌ని పిల్లాణ్ణి తీసుకుని రమ్మను. నీళ్ళు కాచమను. దొడ్లో కాదు, వాకిట్లో."

ఇరమ్ వచ్చింది. వాకిట్లో పీట వేశారు. వీరరాఘవమ్మ పీట మీద కూర్చోలేదు. "నా మోకాళ్ళు ఈ ఏడు నెలల బరువు మొయ్యవు. నువ్వు కూర్చో. చీర మోకాళ్ళ పైకి లాక్కో. కాళ్ళు చాపు."

"నాకు రాదు మామ్మా."

"రానిదాని గురించి రెండొందల కాయితాలు రాశావే! చాపు."

వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. సుందరి మనవణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. బిడ్డను నా కాళ్ళ మీద బోర్లా వేశారు. ఆమె నా వెనక కూర్చుని తన చేతులు నా చేతుల మీద పెట్టి నడిపించింది. వీపు, నడుము, మడమలు. వెల్లకిలా తిప్పాక మాడు పక్కగా, అసలు తగలకుండా తీసుకెళ్ళింది. తర్వాత మెడ కిందికి. నా బొటనవేలి కింద ఎముక గుండె దగ్గర మొదలై, సన్నబడి, ఆగిపోయింది. తర్వాత మెత్తటి ఒళ్ళే. ఎక్స్‌రేలో నల్లగా కనిపించిన చోటు వేలికి వెచ్చగా ఉంది. బిడ్డ ఏడవడం లేదు. నా ముక్కు పట్టుకోవాలని చూస్తున్నాడు.

"చేతులు అడ్డంగా లాగొద్దు ఈడికి. మెల్లగా పక్కకి. అందరికీ ఒకే నీళ్ళు కాదు" అని నా చెవి దగ్గర అంది. ఇన్నేళ్ళు దూరం నుంచి చూసిన నాకు ఆ తేడా కనబడలేదు.

అప్పుడు సుందరి గుమ్మంలోంచే అడిగింది, అందరికీ వినబడేలా. "ఏమే జ్యోతీ, ఇరగదుగా?"

వీధి మొత్తం నా వైపు చూసింది. వీరరాఘవమ్మ చేతులు నా చేతుల మీద నుంచి లేచిపోయాయి.

"విరగదు పిన్నీ" అన్నాను. నా మాట గుమ్మం దాకా పోలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. "మామ్మ ఎప్పుడూ ఏ బిడ్డకూ ఏదీ విరవలేదు. చూడకుండా రాశాను. తప్పు నాది."

సుందరి చంకలో పిల్లాడు గునిశాడు. ఆమె వాణ్ణి ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుని, ఒక మెట్టు దిగి, రోడ్డు మీదికి మా వైపు వచ్చింది.

వీరరాఘవమ్మ నా వీపు మీద చిన్నగా చరిచింది.

"ఏందే అట్టా చూస్తావ్? నీళ్ళు చల్లారిపోతన్నయ్. పొయ్యవే."

పోశాను.